ఆకుపచ్చ మోటారు గాలిపెట్టె

మా నాయన దొంగ కాడని, నలుగురు చదివే కాగితం మీద, నా చేతితో వ్రాయవలెనన్నది నాకు మిగిలిన ఒకే కోరిక. ఆ అవకాశం డెబ్బది ఎనిమిదవ ఏట నా గడపలోనికి వచ్చింది. అది వచ్చిన తీరూ, ముగిసిన తీరూ ఇది.

గత వేసవిలో ఒక ఉదయం జహీరాబాదులోని మా ఇంటికి ఒక ఇల్లాలు వచ్చింది. కోహీరు దిక్కున పేరున్న భూస్వాముల ఇంటి ఆడపడుచు ఆమె. ఆ ఇంటి పెద్ద దొరకు మనుమరాలు, చిన్న దొరకు కూతురు. వయస్సు యాభై దాటి ఉంటుంది. కాపురం హైదరాబాదులో. తండ్రి గతించిన పిమ్మట, పాత కొట్టంలో చెరకు చెత్త క్రింద పడి ఉన్న కారును వెలికి తీయించి, చిరాగ్‌పల్లి దగ్గర రహదారి ప్రక్కన మోటారు మరమ్మతు షెడ్డు నడుపుతున్న ఒక ఉస్తాదుకు బాగుచేయ నప్పగించినదట. ఆ కారు ఇంగ్లండులో పుట్టినది. రెండే సీట్లు. అటువంటివి మన దేశంలో మిగిలినవి మిక్కిలి తక్కువట. చలికాలంలో బొంబాయి నుండి పాత కార్ల పరీక్షకుడొకరు వస్తారనీ, ఆ కారు ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చిందో, ఏ భాగం ఎప్పుడు మారిందో తెలిపే చరిత్ర ఒకటి వ్రాసి ఆయన ముందుంచవలెననీ చెప్పింది.

"దాని సంగతి తెలిసినోళ్లు ఇప్పుడు మీరొక్కరే ఉన్నరు సార్," అన్నది.

నిజమే. ఆ కారును తెచ్చినవాడూ, నడిపినవాడూ మా నాయనే.

దొరతనం వదలి స్వదేశానికి పోతున్న ఒక ఇంగ్లీషు ఉద్యోగి వద్ద పెద్ద దొర దానిని బొంబాయిలో కొన్నాడు. అక్కడ మోటారు పని నేర్చుకొని ఉన్న మా నాయనను దానితో పాటే కుదుర్చుకున్నాడు. షోలాపూరు మీదుగా మూడు దినములు నడిపి తెచ్చినాడట మా నాయన. ముదురాకు రంగు ఒళ్లు, తోలు పట్టీతో బిగించిన ముందరి మూత, బయటికి పొడుచుకొని వచ్చిన పెద్ద దీపాలు. వాటి నడుమ, చక్రాలకు ముందుగా, మోటారు రొమ్ము మీద పెట్టిన పెట్టె వలె ఒక లోహపు సాధనం ఉండేది. దాని ఇంగ్లీషు పేరు సూపర్‌చార్జరు. మా నాయన దానిని గాలిపెట్టె అనేవాడు. లోపల ఎనిమిది అంకె ఆకారంలో రెండు లోహపు దిమ్మెలు ఒకదానినొకటి తాకకుండా తిరుగుతూ బయటి గాలిని ఒడిసి ఇంజను గొంతులోనికి బలంగా త్రోస్తవి. దాని వల్ల ఆ బండికి తన ఒడలికి మించిన వేగం. ఆ వేగంతో పాటు ఒక కూత. మైలు దూరాన వినబడే, సన్నని, తెగని కూత. అది వినబడితే రహదారి మీది పశులకాపరులు గొడ్లను పొలాల్లోనికి తోలుకొనేవారు.

నాకు ఎనిమిదేండ్లప్పుడు ఆ గాలిపెట్టె మాయమైంది. ఒకనాటి ఉదయం చూస్తే కారు ముందు భాగం బోసిపోయి ఉన్నది. బండి నడుస్తున్నది గాని కూత లేదు, ఉరుకు లేదు. పెద్ద దొర మా నాయనను పిలిపించి గచ్చు మీద నిలబెట్టి అడిగినాడు. మా నాయన తల వంచి నిలబడినాడే తప్ప అవుననలేదు, కాదనలేదు. ఆనాడే కొలువు పోయింది. తరువాత ఆయన జహీరాబాదు బజారులో సైకిళ్లకు పంక్చర్లు వేసి మమ్మల్ని సాకినాడు. డబ్బా దొంగ అన్న పేరు ఆయన కంటె ముందు నడిచేది. పెండ్లి పందిట్లో మా అమ్మను కండ్లతోనే తూచేవారు. బడిలో ఎవరి బలపం పోయినా ముందుగా నా సంచి వెతికేవారు. ఆ బడిలో నిలువలేకనే ఒక మఠం వారి ఉచిత వసతిలో ఉండి సంస్కృతాంధ్రాలు చదువుకున్నాను, పండితుడనైనాను, వేలమంది పిల్లలకు పాఠం చెప్పినాను. ఇంత చేసినా సంతలో ఒక ముసలివాడు నన్ను చూపి, "డబ్బా దొంగ కొడుకు, పద్యాలు మంచిగ చెప్తడు," అనగా నా చెవులతో విన్నాను.

మా నాయన అబద్ధమాడగా నేను ఎరుగను. కనుక పేకాటలో మునిగి తేలే చిన్న దొరే దానిని పట్నంలో అమ్ముకొని ఉంటాడనీ, ఉప్పు తిన్న ఇంటి పరువు కొరకు మా నాయన నోరు మెదపలేదనీ నిశ్చయించుకున్నాను. అరువది ఏండ్లకు పైగా ఆ నిశ్చయం మీదనే నిలిచినాను. అందుచేత ఆ ఇల్లాలు అడిగిన మరుక్షణమే ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ఆమెకు చెప్పలేదు.

వారానికి రెండు మార్లు ఆటోలో చిరాగ్‌పల్లి షెడ్డుకు పోయి కూర్చునేవాడిని. ఉస్తాదు అరువది దాటినవాడు, మాటకారి. నా ధోవతీ, కండువా, చేతిలోని కాగితాల కట్ట చూసి మొదటి దినమే, "పంతులు సాబ్, మీరు ఒక పద్యం చదువున్రి, ఇంజను ఉరుకుతదేమో చూద్దం. నా రెంచిలకైతే లొంగుతలేదు," అన్నాడు. కారు అవస్థ అటువంటిది. గాలిపెట్టె పోయిన పిదప కొన్నేండ్లు అది పెండ్లి ఊరేగింపులలో తిరిగింది. తరువాత దాని ఇంజనుతో బావి నీరు తోడించినారట. ఆపైన చెరకు చెత్తే దిక్కు. ఉస్తాదు ఒక్కొక్క తుప్పు పట్టిన చీలను కిరసనాయిలులో నానబెట్టి, వేడి చేసి, బుజ్జగించి విప్పేవాడు. విప్పినది ఎక్కడిదో నేను నా జ్ఞాపకంలో నుండి చెప్పేవాడిని, ఆయన తల ఊపేవాడు.

ఒకనాడు ఇంజను ముందు భాగానికి వచ్చినాడు. ఒకప్పుడు గాలిపెట్టె అతికి ఉన్న చోటును ఒక ఇనుప పలక మూసి ఉన్నది. ఇన్నేండ్లలో దానిని ఎవరూ కదిలించలేదు. పలకను ఊడదీసి, వెనుక అతికి ఉన్న అట్టను చాకుమొనతో మెల్లగా లేపి, గుడ్డతో తుడిచి వెలుతురులో పట్టుకున్నాడు.

"జర ఇటు రాండ్రి పంతులు సాబ్. గిదేందో బొమ్మ ఉన్నది."

నూనె కారకుండా రెండు లోహాల నడుమ పెట్టే అట్ట అది. ఏదో నోటుపుస్తకం పై అట్టను వలయంగా కత్తిరించి చేసినది. నూనె త్రాగి తేనె రంగుకు తిరిగిన ఆ వలయం మీద ఊదా రంగు సిరాతో గీసిన రెండు చక్రాలు, ఒక దీపం, దీపం ప్రక్కన గీతలు గీతలుగా ఒక పెట్టె. 

ఆ బొమ్మ గీసినది నేను. మా నాయన నడిపే కారును రెండవ తరగతి లెక్కల పుస్తకం అట్ట మీద గీసుకున్నాను. ఒకనాడు ఆ అట్ట కనబడలేదు. అట్ట లేని పుస్తకం తెచ్చినందుకు అయ్యవారు బెత్తంతో అరచేతులు వాచేటట్లు కొట్టినాడు. ఇంటికి వచ్చి ఏడ్చి అడిగితే మా నాయన, ఎలుకలు కొట్టుకపోయినవేమో బిడ్డా అని, నా అరచేతులకు వెన్న పూసినాడు.

ఎలుకలు కావు. ఆ చేతులే కత్తిరించినవి. గాలిపెట్టెను విప్పినదీ, దాని చోటును మూసినదీ మా నాయనే. వేయి మంది నోట విన్నా నమ్మని మాటను ఆ అట్టముక్క చెప్పింది. అక్కడనే ఒక టైరు మీద కూర్చున్నాను. 

ఉస్తాదు నీళ్లిచ్చినాడు. నా ముఖం చూసి హాస్యం మానినాడు. పలకను త్రిప్పి త్రిప్పి చూసి, ఇది దొంగ చేసిన పని కాదన్నాడు. దొంగ అయితే చీలలు విరగగొట్టి పీకుకొని పోతాడు. ఇతడు ఒక్కొక్కటే విప్పి, కొలిచి, పలక చేయించి, మళ్లీ తెరిస్తే దెబ్బ తినకుండా మూసినాడట. పలక అంచున సుత్తిదెబ్బలు, ఒక మూలన ఇనుప మొనతో పొడిచిన మూడు చుక్కలు. 

ఆ మూడు చుక్కలు నేనెరుగుదును. మా ఇంటి కత్తిపీట మీద ఉన్నవి. మొగుడంపల్లిలో ఒక కమ్మరి ఇంటివారు తాము సాగదీసిన ప్రతి నాగలి కర్రు మీదా, ప్రతి కొడవలి మీదా ఆ గుర్తు వేసేవారు.

మరునాడే ఆ ఇల్లాలు హైదరాబాదు నుండి వచ్చింది. ఉస్తాదుతో కలిసి ఆమె కారులో ముగ్గురం మొగుడంపల్లికి పోయినాము. మార్గమంతా ఎర్రనేల, ఇరువైపులా చెరకు. నాలో ఒకటే ప్రశ్న. అమ్ముకున్నాడా? ఎంతకు? దేనికి? ఆమె వ్రాయమన్న చరిత్రలోనే ఆమె తండ్రి మీద ఆ నేరం మోపదలచినవాడిని నేను, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ ఇంటి ముందు కమ్మరి కొడుకులు చెరకు ట్రాలీలకు వెల్డింగు చేస్తున్నారు. పెద్దాయన, ఆనాటి కమ్మరి కుమారుడు, నా ఈడువాడే, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, "మీరు డ్రైవర్ సాబు కొడుకే గద. ముక్కు గదే ఉన్నది," అన్నాడు. వచ్చిన పని ఉస్తాదు చెప్పినాడు. ఆయన ఆశ్చర్యపడలేదు. ఎన్నడో ఒకనాడు రావలసినవారు వచ్చినట్లుగా లేచి, చేతికర్ర ఊతంగా పెరటి దిక్కున పాత కొలిమి సాలలోనికి నడిచినాడు.

ఇప్పుడు ఆ కొలిమిని ఏటికొకసారి, దసరానాడు మాత్రమే రగిలిస్తారట. దాని ప్రక్కన, తోలు తిత్తి ఉండవలసిన చోట, తుమ్మకర్ర చట్రానికి బిగించి, మసి బట్టి, పసుపు బొట్లు పెట్టించుకొని, గాలిపెట్టె కూర్చుని ఉన్నది. సైకిలు చక్రం ఒకటి, దాని మీదుగా తోలు పట్టీ, త్రిప్పడానికి ఒక పిడి.

ఉస్తాదు మోకాళ్ల మీద కూర్చుని పిడిని పట్టి త్రిప్పినాడు. రాపిడి లేదు. సన్నని కూత లేచింది. అది చెవిని సోకగానే ఏడు పదుల ఏండ్లు చీలిపోయి నేను రహదారి గట్టున నిలబడి ఉన్నాను. ఉస్తాదు రంధ్రంలో వేలు పెట్టి తీసి వాసన చూసినాడు.

"ఆముదమా?"

"ఆముదమే. రోజొక గంటెడు పోస్తుండె మా అమ్మ."

"గందుకే బతికింది," అని ఉస్తాదు తల పట్టుకున్నాడు. తరువాత, పనివాడికి తోచే ప్రశ్నే అడిగినాడు. "పిడి ఎడమ దిక్కు పెట్టిన్రేంది? ఎవరన్న కుడి దిక్కు పెడ్తరు గద."

"మా అమ్మకు కుడి చెయ్యి పనిచెయ్యకుండె," అన్నాడు పెద్దాయన. "గా పచ్చ కారు గుద్దినంక."

ఆయన మా ముగ్గురి ముఖాలూ చూసి, సంగతి తెలిసే వచ్చినామనుకున్నాడు కాబోలు, తెలియదా అని అడిగినాడు. తెలియదన్నాను. అప్పుడు చెప్పినాడు.

వానలకు ముందరి దినములవి. ఊరి రైతులందరూ కర్రులు సాగదీయించుకొనే వేళ. కమ్మరి సుత్తి ఎత్తితే తిత్తి ఊదేది భార్యే. ఒక మధ్యాహ్నం ఆమె తల మీద బొగ్గుల గంపతో రహదారి అంచున వస్తూ ఉండగా వెనుక కూత వినబడింది. తొలగేలోపలనే కారు తగిలింది. నడుపుతున్నవాడు చిన్న దొర. ప్రక్కన మా నాయన. బండి ఆగలేదు. ఆపమని మా నాయన స్టీరింగు చక్రం మీద చేయి వేస్తే చిన్న దొర మోచేతితో నెట్టి మరింత వేగం పెంచినాడట. ఆమె బ్రతికింది గాని కుడి మోచేయి నుజ్జయింది. మరునాడు మా నాయన సైకిలు మీద వచ్చి చల్లారిన కొలిమిని చూసినాడు. తిత్తి ఊదేవారు లేరు. కర్రులు కుప్పగా పడి ఉన్నవి. కర్రు సాగకపోతే పంటనాడు కమ్మరికి రైతులు కొలిచే గింజలు లేవు. మూడవనాడు ఉదయం సైకిలు వెనుక గోనెసంచిలో గాలిపెట్టె కట్టుకొని వచ్చినాడు. చట్రం తన చేతితో బిగించి, పిడిని ఎడమ దిక్కున పెట్టి, ఆమెను కూర్చోబెట్టి త్రిప్పించి, నిప్పు లేచిన తరువాత కారుకు పలక ఆ కొలిమిలోనే కొట్టించుకొని పోయినాడు.

"మా నాయన వద్దన్నడు. దొర తోలు తీస్తడన్నడు," అని పెద్దాయన మా నాయన పలికిన మాటలు ఒప్పజెప్పినాడు. "అప్పుడు మీ నాయన అన్నడంట, దొర ఇయ్యడు, అందుకే నేను తెచ్చిన. ఎవలన్న అడిగితే దొంగను నేనే. నువ్వు నోరిప్పకు, నేనిప్ప. ఇప్పితే ఈ పొయ్యి ఆరుతది."

నేను విన్నది నాకు అర్థమగుటకు చాలాసేపు పట్టింది. అర్థమైన తరువాత తొలుత కలిగినది గర్వం కాదు, కోపం. మా అమ్మ ఆ మచ్చతోనే పోయింది. మా నాయన సైకిలు గొట్టం చేత పట్టుకొని, దొంగ అని పిలిస్తే పలికినాడు.

"డెబ్బది ఏండ్లు గడిచినవి. ఒక్కనాడైనా మాకు చెప్పాలనిపించలేదా?" అన్నాను.

"చెప్తే పెట్టె పోతుండె సార్. మేం దాని మీదనే తిన్నం." పెద్దాయన తల ఎత్తలేదు. "మీ నాయన పోయినంక చెప్దామనుకున్న. మీరు అప్పటికే పెద్ద పంతులైన్రు. మీ గడప దాకా వచ్చి రెండుసార్లు మర్లిపోయిన. తప్పు మాదే."

ఆ ఇల్లాలు గోడకు ఆనుకొని నిలబడి ఉన్నది. ఆ తల్లి ఎన్నాళ్లు బ్రతికిందని మాత్రం అడిగింది. ఆమె పోయి పదిహేనేండ్లయిందనీ, పోయే ఏడు కూడా పిడి వదలలేదనీ పెద్దాయన చెప్పినాడు.

తిరుగు దారిలో చెరకు ట్రాలీ ఒకటి అడ్డం రాగా కారు ఆగింది. అప్పుడు ఆమె నా వైపు చూడకుండా పలికింది. "మా నాన్న కారు నడపంగ నేను ఎన్నడు చూడలే సార్. కండ్లు సరిగ్గ కనబడవని చెప్పేటోడు. అద్దాలు లేకుండనే రోజు పేపరు మొత్తం చదివేటోడు. ఎట్ల చదువుతున్నడో నేను ఎన్నడు అడగలే."

ఉదయం వచ్చేటప్పుడు ఆమెకొక తండ్రి, నాకొక తండ్రి ఉండిరి. ఆ ఇద్దరూ మొగుడంపల్లిలోనే ఉండిపోయినారు.

పెట్టెను ఆమె అడగలేదు. పెద్దాయనే దసరా పూజ అయిన తరువాత తీసుకొనిపొమ్మని కబురు చేసినాడు. ఆనాడు నేను కూడా పోయినాను. కొలిమి రగిలించి పిడి నా చేతికిచ్చినారు. కుడిచేతివాడిని, ఎడమచేతితో త్రిప్పుతుంటే భుజం పట్టివేసింది. అయినా నిప్పు లేచింది. మరునాడు ఉస్తాదు దానిని విప్పి, మసి వదిలించి, దాని మీది అంకెలను ఇంజను మీది అంకెలతో సరిచూసినాడు. సరిపోయినవి. పెట్టెను దాని పాత చోట బిగించినాడు. వలయపు అట్టను పారవేయబోతే అడిగి పుచ్చుకున్నాను.

మిగిలినది నా పని. పది దినములు కూర్చున్నా ఆ ఒక్క వాక్యం దగ్గర కలం ఆగింది. పోయినది అని వ్రాసినాను, కొట్టివేసినాను. తొలగింపబడినది అని వ్రాసినాను. ఎవరు తొలగించినదీ అందులో లేదు. జీవితమంతా చదువుకున్న భాష నాకు దాగుకొనే చోట్లు ఎన్నైనా చూపింది. ఒక్కొక్కదానిలో దూరి చూసినాను. దేనిలోనూ మా నాయన పట్టలేదు. ఆయన తల వంచినాడే గాని దాగలేదు. కడపట ఇట్లు వ్రాసినాను: ఈ కారు గాలిపెట్టెను దీని డ్రైవరు యజమానికి చెప్పకుండా విప్పి, మొగుడంపల్లి కొలిమికి ఇచ్చినాడు. ఆయన నా తండ్రి.

పరీక్షకుడు వచ్చే ముందునాడు ఆ కాగితాలు షెడ్డులో ఆమె చేతికిచ్చినాను. కారు ముందరి మూత మీద పెట్టుకొని నిలబడే చదివింది. ఆ వాక్యం దగ్గర ఆగింది.

"ఎందుకిచ్చిండో రాయలే సార్."

"అది మీ ఇంటి మాట అమ్మా. నేను వ్రాయరాదు."

ఆమె నా జేబులోని కలం అడిగి తీసుకున్నది. చిన్ననాటి నుండి ఇంగ్లీషు బడులలో చదివిన చేయి. తెలుగు అక్షరాలు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా, గీత దిగి వచ్చినవి. నా వాక్యం క్రింద ఆమె వ్రాసినది ఇంతే. ఆ తల్లిని గుద్దింది మా నాన్న. బండి ఆపలే.

కాగితం నాకిచ్చి, తప్పులుంటే దిద్దమన్నది. వేల కాగితాలు ఎర్రసిరాతో దిద్దిన చేయి ఇది. రెండు మార్లు చదివి, మడిచి, ఉస్తాదు చేతికిచ్చి, కారులో పెట్టుమన్నాను.